ఇరుకు సందుల్లో పనికి ఏ కార్డ్‌లెస్ రాచెట్ తీసుకోవాలి?

కార్డ్‌లెస్ రాచెట్ (బోల్టులు తిప్పే బ్యాటరీ పానా) కొందామనుకున్నవాళ్ల చూపు ముందుగా పడేది పెట్టె మీద రాసిన టార్క్ (తిప్పే బలం) అంకె మీద. ఒకదాని మీద 35 ఫుట్-పౌండ్లు, పక్కదాని మీద 55, ఇంకోదాని మీద 70. చెయ్యి దానంతటదే 70 వైపు పోతుంది. ఇంపాక్ట్ రెంచ్ (సుత్తి దెబ్బలతో బోల్టును తిప్పే యంత్రం) కొనేటప్పుడైతే ఆ లెక్క చాలావరకు పనికొస్తుంది. రాచెట్ దగ్గర మాత్రం అది దారి తప్పిస్తుంది.

రాచెట్ పని పట్టేసిన బోల్టును ఊడగొట్టడం కాదు. వదులైన బోల్టును చకచకా తిప్పి బయటికి తేవడం, పని అయ్యాక అంతే వేగంగా లోపలికి పంపడం. మొదటి పావు తిప్పు చేతి పానాది, చివరి బిగింపు టార్క్ రెంచ్‌ది (బిగింపు బలాన్ని కొలిచే పానాది). మధ్యలో మిగిలిన తిప్పులన్నీ దీనివి.

ఆ మధ్య తిప్పులే ఇరుకులో ఓపిక హరిస్తాయి. మామూలు ఎం8 బోల్టు (8 మిల్లీమీటర్ల మందం మర ఉన్నది) ఒక్క తిప్పుకు 1.25 మిల్లీమీటర్లు కదులుతుంది. లోపల 25 మిల్లీమీటర్ల మర ఉంటే 20 తిప్పులు కావాలి. చుట్టూ పైపులు అడ్డొచ్చి చేతి రాచెట్ ఒక ఊపుకు 10 డిగ్రీలే కదిలితే, ఒక తిప్పుకు 36 ఊపులు, బోల్టు బయటపడేసరికి 720 ఊపులు. 200 ఆర్‌పీఎం (నిమిషానికి 200 తిప్పులు) ఉన్న కార్డ్‌లెస్ రాచెట్ అదే పనిని 6 సెకన్లలో ముగిస్తుంది. ఇందులో టార్క్ ఊసే లేదు చూడండి. రాచెట్ ఆ సందులోకి దూరిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. అందుకే ఎంపికను నేను కేటలాగుతో కాకుండా స్కేలుతో మొదలుపెట్టమంటాను.

కొలవాల్సినవి మూడు

మీరు తరచూ చేసే పనుల్లో బాగా విసిగించే రెండు మూడు బోల్టులను గుర్తు చేసుకోండి. స్టార్టర్ మోటారు పై బోల్టు కావచ్చు, ఆల్టర్నేటర్ వెనకది కావచ్చు, ఏదైనా యంత్రంలో గేర్‌బాక్స్ మూత కావచ్చు. వాటి దగ్గరికి వెళ్లి కొలతలు తీసుకోండి.

మొదటిది, బోల్టు తల నుంచి ఎదురుగా ఉన్న అడ్డం దాకా ఎంత దూరం ఉందో. రాచెట్ తల మందం, సాకెట్ (బోల్టు తలకు తొడిగే గిన్నె) ఎత్తు కలిపి ఆ దూరంలో ఇమడాలి. తయారీదారులు చెప్పే తల మందంలో సాకెట్ తగిలించే చదరపు ముక్క కలిసి ఉందా లేదా అన్నది చూసుకోండి. రెండు మోడళ్లను పోల్చేటప్పుడు ఈ తేడా మోసం చేస్తుంది. స్కేలు పట్టని చోట మీ దగ్గరున్న చేతి రాచెట్‌కి పొట్టి సాకెట్ తగిలించి దూర్చి చూడండి. అది బొటాబొటీగా పడితే కార్డ్‌లెస్ పట్టదనే అనుకోవాలి, ఎందుకంటే దీని తల సాధారణంగా చేతి రాచెట్ తల కన్నా లావు.

రెండోది, తోక వైపు జాగా. తల దూరితే సరిపోదు. దాని వెనక మోటారు, బ్యాటరీ, వాటిని పట్టుకున్న మీ పిడికిలి కూడా పట్టాలి. పొడవు ఎంతో పెట్టె మీద ఉంటుంది కానీ పిడికిలికి కావాల్సిన చోటు ఎవరూ రాయరు.

మూడోది చాలామందికి తట్టనిది: బోల్టు బయటికి వచ్చేకొద్దీ రాచెట్ కూడా దాంతో పాటే వెనక్కి వస్తుంది. అంటే బోల్టు మర పొడవు మేర అదనపు ఖాళీ ఉండాలి. ఇది మర్చిపోతే ఏమవుతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పనిముట్టుతో వచ్చే ఇబ్బందుల్లో ఇంతకన్నా చిరాకైనది లేదు.

వాటర్ పంపు బోల్టు ఒకటి ఉందనుకోండి. తల నుంచి ఎదురు గోడకి 60 మిల్లీమీటర్లు. రాచెట్ తల, సాకెట్ కలిసి 52. సుఖంగా దూరింది, ట్రిగ్గర్ నొక్కారు. బోల్టు 8 మిల్లీమీటర్లు బయటికి రాగానే రాచెట్ వీపు గోడకి ఆనుతుంది. 200 ఆర్‌పీఎం మీద ఇదంతా రెండు సెకన్లలోపే జరిగిపోతుంది, వేలు తీసేలోపు ఇంకాస్త బిగుసుకుంటుంది. సాకెట్‌ని వెనక్కి లాగడానికి ఖాళీ లేదు. సరే, దిశ మార్చి బోల్టును లోపలికి పంపుదామంటే, దిశ మార్చే మీట చాలా మోడళ్లలో తల వీపు మీదే ఉంటుంది. అది ఇప్పుడు గోడకి నొక్కుకుని ఉంది. రాచెట్‌ని చేత్తో బిగింపు వైపు తిప్పినా టిక్ టిక్ మంటూ ఊరికే జారుతుంది తప్ప బోల్టు కదలదు. సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఆ మీటను పక్కకు నెట్టగలిగితే అదృష్టం. లేదంటే ఎదురుగా ఉన్న భాగాన్నే వదులు చేసి జరపాలి. అలాంటి చోట మొదటి నాలుగైదు తిప్పులు మాత్రం దీనితో తీసి, మిగతావి పల్చటి రాచెట్ రింగు పానాతో తీయడం మేలు.

కాబట్టి మోడళ్లు చూసేటప్పుడు దిశ మీట ఎక్కడుందో, ఒంటి వేలితో మారుతుందో లేదో తప్పకుండా చూడండి. గ్లవ్స్ వేసుకుని పనిచేసేవాళ్లయితే గ్లవ్స్‌తోనే మార్చి చూడండి.

టార్క్ అంకె చెప్పేది, చెప్పనిది

ఇప్పుడు ఆ అంకెల సంగతి. 55 ఫుట్-పౌండ్లంటే సుమారు 75 న్యూటన్ మీటర్లు. 35 అంటే 47, 70 అంటే 95. మామూలు 8.8 గ్రేడ్ స్టీలు బోల్టుల బిగింపు సుమారుగా ఎం6కి 10, ఎం8కి 25, ఎం10కి 50 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. ఇరుకు సందుల్లో తగిలే బోల్టుల్లో ఎక్కువ భాగం ఎం6, ఎం8లే. అంటే 35 ఫుట్-పౌండ్ల చిన్న రాచెట్‌కి కూడా వాటి దగ్గర మిగులు శక్తే ఉంది. తుప్పు పట్టిన బోల్టుకు ఈ లెక్కలేవీ వర్తించవు. దాన్ని ఎలాగూ ముందు చేత్తోనే కదిలించాలి. కారు చక్రాల నట్లు సాధారణంగా 100 న్యూటన్ మీటర్లు దాటే ఉంటాయి కాబట్టి అవి ఏ కార్డ్‌లెస్ రాచెట్ పనీ కాదు.

పెద్ద టార్క్‌కి ఇంకో కోణం ఉంది. ఇంపాక్ట్ రెంచ్ లోపల చిన్న సుత్తి దెబ్బలు వేస్తూ తిప్పుతుంది, అందుకే చేతి మీద భారం తక్కువ. రాచెట్‌లో సుత్తి లేదు. మోటారు ఒక క్రాంకును తిప్పితే అది తలలోని భాగాన్ని అటూ ఇటూ ఊపుతుంది, అందులోని పాల్ అనే చిన్న కొక్కెం పళ్లను పట్టి సాకెట్‌ని ఒకే దిశలో నెడుతుంది. బోల్టుకి ఎంత టార్క్ ఇస్తుందో అంతా తిరిగి మీ మణికట్టుకే వస్తుంది. తల మధ్య నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నారనుకుంటే, 75 న్యూటన్ మీటర్ల దగ్గర మీ చెయ్యి ఆపాల్సిన బలం 300 న్యూటన్లు, అంటే సుమారు 30 కిలోల బరువు. అదీ బోల్టు తల కింద కూర్చున్న క్షణంలో, హఠాత్తుగా. విశాలమైన చోట ఫర్వాలేదు. ఇంజన్‌కీ రేడియేటర్‌కీ మధ్య వేళ్లు ఇరికించి పట్టుకున్నప్పుడు ఆ రాచెట్ గిర్రున తిరిగి వేళ్లను దేనికో కొడుతుంది. కణుపులు చెక్కుకుపోయేది అక్కడే. ఇరుకు పనికి తక్కువ టార్క్, సున్నితమైన ట్రిగ్గర్ ఉన్నదే సుఖమని నేను చెప్పడానికి ఒక కారణం ఇది.

రెండో కారణం అల్యూమినియం. వాల్వ్ కవర్, థర్మోస్టాట్ హౌసింగ్ లాంటి చోట్ల ఎం6 బోల్టులు అల్యూమినియం మరల్లో కూర్చుంటాయి. 10 న్యూటన్ మీటర్లు చాలిన చోట 75 ఇచ్చే పనిముట్టు ట్రిగ్గర్‌ని ఒక క్షణం ఎక్కువ నొక్కితే మర లేచిపోతుంది, లేదా బోల్టు తెగి ముక్క లోపలే ఉండిపోతుంది. బిగించేటప్పుడు బోల్టు మొదటి రెండు మూడు తిప్పులు వేళ్లతోనే ఎక్కించండి. రాచెట్‌తో మొదలుపెడితే మర అడ్డంగా పట్టినా మోటారుకు తెలియదు, నెట్టుకుంటూ పోతుంది.

ట్రిగ్గర్ ఎంత నొక్కితే అంత వేగం ఇచ్చేది కావాలి. ఆన్, ఆఫ్ మాత్రమే ఉన్నది ఇలాంటి పనికి దండగ.

చదరం సైజు

సాకెట్ తగిలించే చదరపు ముక్క 1/4, 3/8, 1/2 అంగుళం అని మూడు రకాలు. మిల్వాకీ ఎం12 ఫ్యూయల్ శ్రేణిని ఉదాహరణగా తీసుకుంటే విషయం తేటపడుతుంది. 1/4కి 40 ఫుట్-పౌండ్లు, 250 ఆర్‌పీఎం. 3/8కి 55, 200. 1/2కి 60, 175. మూడోదానికి వచ్చేసరికి పెరిగింది 5 ఫుట్-పౌండ్లే, వేగం మాత్రం తగ్గింది. సాకెట్లూ లావవుతాయి. 1/2 అంగుళం సాకెట్లు తప్ప ఇంకేవీ లేనివాళ్లకు, లేదా పెద్ద యంత్రాల మీద పనిచేసేవాళ్లకు తప్ప దానివల్ల ఒరిగేది పెద్దగా కనిపించదు.

అసలు పోటీ మొదటి రెండింటి మధ్య. 3/8 అన్నిటికీ సర్దుకుపోతుంది. ఒక్కటే కొనేటట్లయితే అదే. డాష్‌బోర్డు లోపలి పని, బైకులు, చిన్న ఇంజన్లు, 8 నుంచి 13 మిల్లీమీటర్ల తలలు ఉన్న బోల్టులే రోజంతా తగిలేవాళ్లకు 1/4 హాయి. సాకెట్ గోడలు పల్చగా, ఎత్తు తక్కువగా ఉంటాయి కాబట్టి ఇరుకులో కొన్ని మిల్లీమీటర్లు మిగులుతాయి, ఒక్కోసారి ఆ మిల్లీమీటర్లే పని జరుపుతాయి. మకితా 18 వోల్టుల రాచెట్ ఒకటి 3/8, 1/4 రెండు చదరాలనూ మార్చుకునేలా వస్తుంది. అడాప్టర్ పెట్టుకోవడం కన్నా ఇది నయం, ఎందుకంటే అడాప్టర్ పెట్టిన ప్రతిసారీ ఎత్తు పెరిగి, ఇరుకులో పనికొచ్చే గుణమే పోతుంది.

12 వోల్టులా, 18 వోల్టులా?

ముందుగా పేర్ల గందరగోళం తీర్చుకుందాం. లిథియం సెల్ ఒకటి మామూలుగా 3.6 వోల్టులు, పూర్తి చార్జి మీద 4.2. మూడు సెల్‌లు వరసగా పెడితే మామూలు లెక్కలో 10.8, చార్జి నిండినప్పుడు 12.6. దాన్నే మార్కెట్లో 12 అంటారు. అయిదు సెల్‌లైతే 18 లేదా 21. ఒకరు 18 అని రాస్తారు, డీవాల్ట్ లాంటివాళ్లు 20 మ్యాక్స్ అని రాస్తారు, ఊరూ పేరూ లేని కొన్ని బ్రాండ్లు 21 అని రాస్తాయి. లోపల అవే అయిదు సెల్‌లు. 16.8 అని కనిపిస్తే అది నాలుగు సెల్‌ల ప్యాక్. పెద్ద అంకె చూసి పొంగిపోనక్కర్లేదు.

ఇరుకు పనికి వోల్టుల కన్నా బ్యాటరీ ఆకారం ముఖ్యం. మిల్వాకీ ఎం12 తరహాలో బ్యాటరీ పిడిలోకే దూరేది అయితే పనిముట్టు మొత్తం ఒకే లావున, గొట్టంలా ఉంటుంది. 18 వోల్టుల ప్యాక్ తోక దగ్గర దిమ్మలా అతుక్కుని ఉంటుంది. పైపుల మధ్య నుంచి దూర్చేటప్పుడు తల దూరినా దిమ్మ తట్టుకుంటుంది. పైగా బరువంతా తోకలో పడి, పడుకుని చేతులు పైకెత్తి చేసే పనిలో భుజం త్వరగా నొప్పెడుతుంది.

అయినా 18 వోల్టుల వైపు ఒక బలమైన వాదన ఉంది: మీ దగ్గర ఇప్పటికే ఆ బ్యాటరీలు, చార్జర్ ఉండటం. డ్రిల్లు, గ్రైండర్ అన్నీ ఒకే కంపెనీవి ఉన్నవాళ్లు ఒక్క రాచెట్ కోసం రెండో రకం చార్జర్‌ని గోడకి తగిలించుకోవడం తలనొప్పే. డీవాల్ట్ 20 వోల్టుల 3/8 రాచెట్ 70 ఫుట్-పౌండ్లు, 250 ఆర్‌పీఎం ఇస్తుంది; పని ఎక్కువగా కారు కింద, చేతులు ఆడే చోటే అయితే తోక లావు పెద్ద అడ్డం కాదు. నా మాట అడిగితే, ఇంజన్ బే లోపలి ఇరుకే మీ ప్రధాన సమస్య అయినప్పుడు రెండో చార్జర్ తలనొప్పిని భరించి 12 వోల్టులదే తీసుకోండి. నెలకోసారి తీసే పనిముట్టయితే ఉన్న బ్యాటరీలతో సరిపెట్టుకోండి.

బ్యాటరీ సామర్థ్యం గురించి ఎక్కువ ఆలోచించకండి. రాచెట్ నడిచేది కొన్ని సెకన్ల చొప్పున మాత్రమే. 2 ఆంపియర్-అవర్ల పల్చటి ప్యాక్ చాలు. పెద్ద ప్యాక్ పెడితే బరువూ పొడవూ పెరగడం తప్ప ఈ పనిలో లాభం తక్కువ. బ్రష్‌లెస్ మోటారు మాత్రం ఎంచుకోదగ్గదే. అరిగే కార్బన్ బ్రష్‌లు ఉండవు, అదే బ్యాటరీతో ఎక్కువ సేపు పనిచేస్తుంది, అదే సైజులో ఎక్కువ శక్తి ఇస్తుంది. మిల్వాకీ పాత బ్రష్ మోటారు 3/8 రాచెట్ 35 ఫుట్-పౌండ్లు ఇచ్చేది. తర్వాత వచ్చిన బ్రష్‌లెస్‌ది 55.

మెడ పొడవు, తల రకం

పొట్టి మెడ, పొడుగు మెడ రెండూ దొరుకుతాయి. ఇరుకు అనగానే పొట్టిదే కావాలనిపిస్తుంది. కానీ ఇరుకులు రెండు రకాలు. ఒకటి చుట్టూ గోడలున్న గూడు. అక్కడ పొట్టిదే కావాలి. ఇంకోటి లోతైన సందు. బోల్టు దూరంగా, లోపల ఎక్కడో ఉంటుంది, చెయ్యి అంత దూరం పోదు. అక్కడ పొడుగు మెడే కావాలి. దానితో పిడికిలి బయటే ఉంటుంది, వేళ్లు వేడి భాగాలకు దూరంగా ఉంటాయి. ఇంకో లాభమూ ఉంది. తల నుంచి చెయ్యి 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ఇందాక చెప్పిన 75 న్యూటన్ మీటర్ల కుదుపు 30 కిలోల నుంచి 19 కిలోలకు దిగుతుంది. వాహనాల పని ఎక్కువగా చేసేవాళ్లు ముందు పొడుగు మెడదే కొని, పొట్టి దాన్ని తర్వాత కొన్నా తప్పులేదంటాను.

తల వంగే రకం కొన్నిటిలో ఉంటుంది. కోణం కుదరని చోట బాగుంటుంది కానీ కీలు దగ్గర తల పొడవు, లావు పెరుగుతాయి. తలను పక్కలకు తిప్పి నాలుగు స్థానాల్లో ఆపుకునే సదుపాయం రియోబీ 18 వోల్టుల రాచెట్‌లో ఉంది. దానివల్ల ట్రిగ్గర్ ఎప్పుడూ మీ వేలికి అందేలా పెట్టుకోవచ్చు. వినడానికి చిన్న విషయమే కానీ, తలకిందులుగా పట్టుకున్నప్పుడు బొటనవేలితో ట్రిగ్గర్ నొక్కాల్సి వచ్చే మోడళ్లతో పనిచేసినవాళ్లకు దాని విలువ తెలుస్తుంది.

మూడో రకం, మధ్యలో రంధ్రం ఇటు నుంచి అటు దాకా ఉండేది. సాకెట్ తల మధ్యలోకే కూర్చుంటుంది, పొడవాటి స్టడ్ (తల లేని మర కడ్డీ) నట్టులోంచి, సాకెట్‌లోంచి వెనక్కి దూసుకుపోగలదు. మిల్వాకీ ఎం12లో ఇన్‌సైడర్ అనే పేరుతో ఇలాంటిది ఉంది. సాకెట్ ఎత్తు తల మందంలోనే కలిసిపోతుంది కాబట్టి మొత్తం ఎత్తు బాగా తగ్గుతుంది. మామూలు సాకెట్లు ఇందులో నేరుగా కూర్చోవు, దాని సాకెట్లే కావాలి. ఎగ్జాస్ట్ స్టడ్‌లు, యు-బోల్టులు, పొడవాటి మర కడ్డీల మీద నట్లు నిత్యం తిప్పేవాళ్లకు ఇది కొనదగ్గది, మిగతావాళ్లకు రెండో పనిముట్టు మాత్రమే.

వేగం

హై స్పీడ్ అని అమ్మేవి వేరే జాతి. మిల్వాకీ ఎం12 ఫ్యూయల్ హై స్పీడ్ 3/8ది 450 ఆర్‌పీఎం, 35 ఫుట్-పౌండ్లు. ఇందాక చెప్పిన మకితాది 800 ఆర్‌పీఎం, అదే 35. ఆయిల్ ప్యాన్, గేర్‌బాక్స్ మూత, ఇంటీరియర్ ప్యానెల్స్ లాంటి చోట ఒకే సైజు బోల్టులు వరసగా విప్పేవాళ్లకు ఇవి భలే ఉంటాయి. గోడకి ఇరుక్కుపోయే ప్రమాదం మాత్రం అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 200 మీద రెండు సెకన్లు పట్టే ముచ్చట 800 మీద అర సెకను. సందు గట్టిగా కొలిచి ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

ఒక వింత కూడా చెప్పాలి. బోల్టు మరీ వదులైపోయాక రాచెట్ దాన్ని తిప్పడం మానేసి అటూ ఇటూ ఊపుతూ కూర్చుంటుంది. పాల్ వెనక్కి జారి మళ్లీ పళ్లను పట్టాలంటే బోల్టు వైపు నుంచి కాస్త నిరోధం కావాలి. అది లేకపోతే వెనక్కి వచ్చే ఊపుతో బోల్టు కూడా వెనక్కి వస్తుంది. కొత్తగా కొన్నవాళ్లు ఇది చూసి పనిముట్టు పాడైందని కంగారు పడతారు. అప్పటికి బోల్టు వేళ్లతో తిప్పేంత వదులై ఉంటుంది, వేళ్లతోనే తీసేయొచ్చు.

రాచెట్టే కావాలా?

గాలితో నడిచే రాచెట్ ఇప్పటికీ గట్టి పోటీదారే. బ్యాటరీ లేదు కాబట్టి పొట్టిగా, తేలిగ్గా ఉంటుంది, అరచేతిలో ఇమిడే మినీ రకాలూ ఉన్నాయి. ఎంత సేపు వాడినా చార్జి అయిపోదు. కానీ కంప్రెసర్ కావాలి, పైపు వెంట ఈడ్చుకురావాలి, శబ్దం భరించాలి. ఇరుకు సందులో పనిముట్టుతో పాటు గొట్టాన్ని కూడా వంచి దూర్చడం ఇంకో పని. కంప్రెసర్ ఎప్పుడూ నడుస్తుండే వర్క్‌షాపులో ఒకేచోట పనిచేసేవాళ్లు ముందు మినీ గాలి రాచెట్‌ని చూడటం న్యాయం.

రైట్ యాంగిల్ ఇంపాక్ట్ రెంచ్ అసలు వేరే మందు. ఇది చూడటానికి రాచెట్‌లాగే ఉంటుంది కానీ లోపల సుత్తి ఉంటుంది. మిల్వాకీ ఎం12 ఫ్యూయల్‌లో ఇలాంటిది 220 ఫుట్-పౌండ్లు ఇస్తుంది, అదీ చేతికి పెద్ద కుదుపు లేకుండా. దాని తల రాచెట్ తల కన్నా లావు. పట్టేసిన బోల్టులే మీ బాధ అయితే, అవి మరీ మూలల్లో లేకపోతే, 70 ఫుట్-పౌండ్ల రాచెట్ కోసం వెతకడం మాని ఇటు రండి. రాచెట్‌ని చిన్నదిగా, సన్నగా కొనుక్కుని బరువు పని దీనికి వదిలేయడం మంచి జోడీ.

రాచెట్ పిడినే చేతి పానాలా వాడి బోల్టును కదిలించడం చాలామంది చేస్తారు. కొంతవరకు అది దాని పనే. హద్దు ఎంతో మాన్యువల్‌లో చూడండి. పిడికి పైపు తొడిగి పొడవు పెంచడం మాత్రం వద్దు, తలలోని పాల్, క్రాంకు అక్కడే విరుగుతాయి.

చేతిలోకి తీసుకున్నాక చూడాల్సినవి

ట్రిగ్గర్ మీట పొడవుగా, పిడి వెంట ఉంటే ఎటు పట్టుకున్నా అందుతుంది, కానీ సందులోంచి లాగేటప్పుడు దేనికో తగిలి నొక్కుకుపోవచ్చు. అందుకే లాక్ ఉండాలి. లైటు తల దగ్గర ఉండాలి, సాకెట్ నీడ బోల్టు మీదే పడకూడదు. సాకెట్ పట్టు గట్టిగా ఉందో లేదో లాగి చూడండి; ఇంజన్ సందులో జారిపడిన సాకెట్‌ని వెతకడానికి అయస్కాంతం పట్టుకుని తిరగడం ఎవరికీ ఇష్టం ఉండదు. పిడి మీది రబ్బరు నూనె చేతులతోనూ జారకుండా ఉండాలి.

తల పూర్తిగా లోహం అన్నది మర్చిపోవద్దు. ఆల్టర్నేటర్, స్టార్టర్ దగ్గర పనిచేసేటప్పుడు వాహనం బ్యాటరీ నెగటివ్ వైరు ముందే తీసేయండి. ఇరుకులో ఆ తల ఒక పక్క లైవ్ టెర్మినల్‌కీ ఇంకో పక్క బాడీకీ తగలడానికి ఎంతో దూరం ఉండదు. బ్రేక్ ఆయిల్ పడితే వెంటనే తుడవండి, ప్లాస్టిక్ తొడుగు పాడవుతుంది.

బ్రాండ్ తెలియని చవక రకాల గురించి. వాటి టార్క్ అంకెలను ఎలా కొలిచారో ఎక్కడా ఉండదు, ఆర్‌పీఎం కూడా అంతే. అన్నీ చెడ్డవని అనను. అప్పుడప్పుడు ఎం6 బోల్టులు తిప్పుకోవడానికి కొన్ని బాగానే నడుస్తాయి. కొనేముందు రెండు విషయాలు ఆరా తీయండి: అదే ఆకారం బ్యాటరీ విడిగా దొరుకుతుందా, తలకు రిపేరు కిట్ ఉందా. పేరున్న కంపెనీలు చాలావాటికి పాల్, స్ప్రింగు, చదరపు ముక్క విడి భాగాలుగా ఇస్తాయి. రాచెట్‌లో ముందుగా అరిగేవి అవే కాబట్టి ఈ తేడా చాలా పెద్దది.

వాడినది కొంటుంటే బ్యాటరీ తీసేసి, సాకెట్ తగిలించి బిగిసి ఉన్న ఏదైనా బోల్టు మీద పెట్టి చేత్తో మెల్లగా భారం వేయండి. దిశ మార్చి రెండో వైపూ చూడండి. ఎటైనా పళ్లు ఒకటి జారినట్టు టక్కుమంటే పాల్ అరిగింది. తర్వాత బ్యాటరీ పెట్టి ట్రిగ్గర్‌ని చీమ నడకంత నెమ్మదిగా నొక్కండి. వేగం మెల్లగా పెరగకుండా ఒక్కసారిగా ఎగిరితే స్విచ్ పోయే దారిలో ఉంది. తల మూత చుట్టూ స్క్రూల తలలు చెక్కుకుపోయి ఉంటే ఎవరో ఇంతకుముందే విప్పారని అర్థం. ఏ భాగం మార్చారో అడిగి తెలుసుకున్నాకే బేరం మొదలుపెట్టండి.